నెగెటివ్‌కు తగిన ముద్రణ: నల్లగొండలోని ఒక స్టూడియో పనితనం

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో 4×5 అంగుళాల ఫిల్మ్‌పై తీసిన రెండు చిత్రాలకు సయనోటైప్ (ఇనుప లవణాలతో వచ్చే నీలి బొమ్మ), సాల్ట్ ప్రింటు (ఉప్పు, వెండి లవణం పూసిన కాగితంపై వచ్చే గోధుమవర్ణపు బొమ్మ) వేయించడానికి నల్లగొండలోని ఒక చిన్న స్టూడియోకు ఇచ్చాను. ఈ పద్ధతుల్లో నెగెటివ్‌ను కాగితానికి ఆనించి ఎండలో పెడతారు కాబట్టి నెగెటివ్ ఎంతుంటే బొమ్మా అంతే వస్తుంది.

అక్కడి పెద్దాయన నెగెటివ్‌లను, అవి వెలుగును ఎంత ఆపుతాయో చూపే డెన్సిటోమీటరుతో కొలిచి, మామూలు బ్రోమైడ్ ఫొటో కాగితానికి పలుచని, చిక్కని భాగాల మధ్య సాంద్రత తేడా 1.1 ఉంటే చాలుననీ, సాల్ట్ ప్రింటుకు 1.8 దాకా కావాలనీ ఓపికగా వివరించారు. మొదటిది 1.3 దగ్గరే ఆగినందున దానిని 1842లో జాన్ హెర్షెల్ కనుగొన్న సయనోటైప్‌కు కేటాయించారు. గర్భగుడి గోడ మీది స్తంభపు నీడ, పక్కనున్న రాతి గరుకుతో సహా, ముదురు నీలంలో నిలిచింది. ఎక్కువసేపు డెవలప్ చేయడంతో ఆ తేడా పెరిగిన రెండవదే సాల్ట్ ప్రింటుకు పనికివచ్చింది, అందులో మండప స్తంభాల చెక్కడాలు గోధుమవర్ణంలో ఎంతో మృదువుగా దిగాయి.

సయనోటైప్‌ను ఇంకొంతసేపు కడగవలసింది. ఒక మూల తెల్లదనంలో పసుపు ఛాయ మిగిలింది. చెప్పగానే మళ్లీ వేసి ఇచ్చారు. సాల్ట్ ప్రింటు కోరేవారు ఫిల్మ్ డెవలప్ చేయించే ముందే ఆయనను సంప్రదించాలి.