ఐదేండ్లు బ్రెడ్‌బోర్డు వాడిన, ఇగ పవర్ లైన్లు మాత్రం జీరో పీసీబీ మీదనే

డిప్లొమాల ఉన్నప్పుడు కొన్న 830 హోల్స్ బ్రెడ్‌బోర్డు ఇంకా నా దగ్గరుంది, సోల్డరు లేకుండ పార్టుల కాళ్లు రంధ్రాలల్ల గుచ్చితే సర్క్యూటు అయ్యే బోర్డన్నట్టు. 555 టైమర్లు, ఆర్డ్యునో, సెన్సర్లు ఏది చేసినా దాని మీదనే, గుచ్చుడు పీకుడు అంతే. కొత్తోళ్లెవరు అడిగినా ఇదే కొనుమని చెప్పేటోన్ని. ఇప్పుడంత గట్టిగ చెప్పలేను, నెలన్నర పాటు నన్ను మస్తు ఆగం చేసింది.

మాది దేవరకొండ దిక్కు, బత్తాయి తోట. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇచ్చినంక ఆటోస్టార్టర్లు (కరెంటు రాంగనే మోటరును దానంతటదే ఆన్ చేసేటియి) తీసేయమన్నరు, తీసేసినం, అప్పటి నుంచి మోటరు బంద్ చెయ్యాల్నంటే నాయిన రాత్రిపూట గూడ తోటకాడికి నడుసుడే. ఫోన్ కొడితే ఆన్ ఆఫ్ అయ్యేటట్టు సిమ్ 800ఎల్ మాడ్యూల్ (సిమ్ ఏస్తే కాల్ అందుకునే చిన్న బోర్డు) తోటి చేద్దామని కూసున్న. (ఇది 2జీ మీద నడిచేది, జియో సిమ్ పనిచెయ్యది.)

మాడ్యూల్ మీది లైటు మొదలు సెకనుకోసారి మెరుస్తది, నెట్‌వర్క్ దొరికినంక మూడు సెకన్లకోసారి. నాది మూడు సెకన్లకు వచ్చేది, సంబురంగ ఫోన్ కొట్టంగనే మళ్ల సెకనుకోసారి, అంటే రీసెట్ అయిందన్నట్టు. సిమ్ మార్చిన, కోడ్ మొత్తం మళ్ల రాసిన, మాడ్యూలే ఖరాబని ఇంకోటి తెప్పిచ్చిన, మల్టీమీటరు పెడితే 4.1 వోల్టులు కదలకుండ చూపిస్తుండె, ఇగ ఎక్కడని వెతకాలె?

మోటర్లు చుట్టే అన్న ఒకరోజు ఇంటికొచ్చి ఆ సన్న జంపర్ వైరు చూసి "తమ్మీ, మోటరు స్టార్టింగుల ఎంత గుంజుతదో ఎరికే గద, గింత వైరు మీద పెడితే లేస్తదా?" అన్నడు. అప్పుడు తట్టింది. ఈ మాడ్యూల్ గూడ టవర్‌కు సిగ్నల్ పంపేటప్పుడు 2 యాంపుల దాంక గుంజుతది, అది గూడ ఒక్కోసారి అర మిల్లీసెకను కంటె జర ఎక్కువ, అంతే. మామూలు మీటరుకు అది దొరకది. బోర్డు లోపలి క్లిప్పులు వదులైనయి, డయోడ్ల లావు కాళ్లు గుచ్చిన రంధ్రాలైతే మరీ, అక్కడ కొంత జంపర్ల కొంత వోల్టేజీ పోయి 3.4 కిందికి పడితే మాడ్యూల్ నిలబడది.

ఆ రాత్రే జీరో పీసీబీ మీదికి, అంటే పార్టులను సోల్డరు పెట్టి అతికిచ్చే రాగి చుక్కల రంధ్రాల బోర్డు మీదికి మార్చిన. అదే మాడ్యూల్, అదే సిమ్, అదే అడాప్టరు. పవర్‌కు లావు వైరు, మాడ్యూల్ కాళ్ల పక్కనే 1000 మైక్రోఫారడ్ కెపాసిటరు, ఒక్కసారిగ గుంజినప్పుడు కరెంటు అందియ్యనీకి. ఫోన్ కొట్టిన, రింగైంది, రిలే (మోటరును ఆన్ ఆఫ్ చేసే స్విచ్చు) టక్కుమన్నది, లైటు మాత్రం మూడు సెకన్లకే మెరుస్తనే ఉంది. నాయినను నిద్ర లేపి చూపెట్టిన. స్టార్టర్ వైపు కనెక్షన్ ఆ అన్ననే ఇచ్చిండు, రెండు ఎండకాలాలు అయినయి, డబ్బల ఉండి నడుస్తనే ఉంది.

జీరో పీసీబీల గూడ బాధలున్నయి. మొదలు తెచ్చింది గోధుమ రంగు చవక బోర్డు, ట్రాన్సిస్టరు తప్పు పెట్టి రెండోసారి పీకంగనే రాగి చుక్క లేచొచ్చింది. ఇప్పుడు ఆకుపచ్చది, గ్లాస్ ఎపాక్సీదే తెస్తున్న. ఐసీ (చిప్పు) నేరుగ అతికియ్య, సాకెట్ పెడ్త. కొత్త సర్క్యూటైతే ముందు బ్రెడ్‌బోర్డు మీదనే లాజిక్ చూసుకుంట, అది లేకుంటే నాకు గడవది. ల్యాబుల చేసి పీకేసేటోళ్లకు అదే నయం, నాదంటే తోటల ఉండాల్సిన వస్తువు.

పక్క తోటోళ్లు ఇద్దరు తమకు గూడ చేసియ్యమంటున్నరు. ఫ్యాక్టరీల పీసీబీ చేపిద్దామంటే కనీసం ఐదు తీసుకోవాలంటున్నరు, నాకు కావాల్సినయి రెండు, అందుకని ఇవి గూడ చేతితోనే అతికిస్తున్న.