మియాటా 1.8కి చవక టర్బో కిట్: పెట్టెలో ఏవి వాడుకోవచ్చు, ఏవి పక్కన పెట్టాలి

1994–97 మాజ్దా మియాటా 1.8 లీటర్ల ఇంజిన్‌కి సరిపోతుందని చెప్పే పేరూ ఊరూ లేని టర్బో కిట్లు అమెరికాలో ఆన్‌లైన్లో వెయ్యి డాలర్ల లోపే దొరుకుతున్నాయి. ఎగ్జాస్ట్ గ్యాస్‌తో తిరుగుతూ ఇంజిన్‌లోకి ఎక్కువ గాలిని నెట్టే టర్బో, ఆ గ్యాస్‌ని ఇంజిన్ నుంచి టర్బోకి చేర్చే స్టీలు మానిఫోల్డ్, టర్బో నెట్టే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, అల్యూమినియం పైపులు, ఆ గాలి ఒత్తిడి (బూస్ట్) హద్దు దాటకుండా చూసే వేస్ట్‌గేట్, థ్రాటిల్ మూసినప్పుడు మిగిలిన గాలిని వదిలే బ్లో-ఆఫ్ వాల్వ్, ఆయిల్ గొట్టాలు, ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్ అన్నీ ఒకే పెట్టెలో వస్తాయి. శనివారం పెట్టె విప్పి ఆదివారం సాయంత్రానికి బండి నడిపేయొచ్చు అనిపిస్తుంది. అలా కుదరదు. ఇంటర్‌కూలర్, పైపులు, క్లాంపుల వరకు పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది. మానిఫోల్డ్, ఆయిల్ గొట్టాలు, ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్ మాత్రం కారుకు ఎక్కించొద్దు. టర్బోని పరీక్ష చేసి తేల్చుకోవాలి. ఇంజిన్‌ని బతికించే సామాను ఈ పెట్టెలో అసలు ఉండదు, అసలు ఖర్చు అక్కడే.

మాజ్దా పేరు మన ఊళ్లలో స్వరాజ్ మాజ్దా లారీలు, బస్సుల వల్లే తెలుసు. మియాటా అనేది ఆ కంపెనీ రెండు సీట్ల ఓపెన్ టాప్ కారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే మనవాళ్లు ఇంటి గరాజులో మొదటి ప్రాజెక్టుగా దీన్ని పెట్టుకోవడానికి కారణాలున్నాయి. బండి తేలిక, ఇంజిన్ బండి పొడుగునా కూర్చుని ఉంటుంది, విడిభాగాలు తేలిగ్గా దొరుకుతాయి. 1.8 ఇంజిన్ కంప్రెషన్ 9.0 కి 1, అంటే టర్బోకి అనుకూలం. పైగా 1994 నుంచి వచ్చిన 7 అంగుళాల డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తిని పంచే గేరు పెట్టె), అంతకు ముందు 1.6 కార్లలో ఉన్న 6 అంగుళాల దాని కంటే చాలా గట్టిది. ఇంకా కారు కొననివాళ్లు ఈ ఒక్క కారణానికైనా 1.8నే చూసుకోవాలి.

పెట్టెలో అన్నిటికంటే ముందు పోయేది మానిఫోల్డ్. పల్చటి స్టెయిన్‌లెస్ గొట్టాలను వెల్డ్ చేసి, ఆరేడు కిలోల టర్బోని వాటికే వేలాడదీస్తారు. పూర్తి లోడ్‌లో ఎగ్జాస్ట్ గ్యాస్ 850 డిగ్రీలు దాటుతుంది. 40 సెంటీమీటర్ల స్టెయిన్‌లెస్ 700 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 5 మిల్లీమీటర్లు పొడుగు సాగుతుంది. దాన్ని పట్టుకుని ఉన్న అల్యూమినియం హెడ్ కూలెంట్ వేడి దగ్గరే ఆగిపోతుంది కాబట్టి అర మిల్లీమీటరు పైన కొంచెం సాగుతుంది, అంతే. ఆ తేడా ఎక్కడో ఒకచోట బయటపడాలి. ముందు చివరి స్టడ్లు తెగుతాయి, తర్వాత ఫ్లాంజ్ (హెడ్‌కి బిగించే పలక) వంగి గాస్కెట్ ఊదేస్తుంది, ఆఖరికి నాలుగు గొట్టాలు కలిసే వెల్డ్ దగ్గర పగులు వస్తుంది. పోత ఇనుము తక్కువ సాగుతుంది, గోడ మందం కూడా ఎక్కువ. అందుకే వీధిలో తిరిగే కారుకి పోత ఇనుప మానిఫోల్డే సరైనది. చూడ్డానికి మొరటుగా ఉంటుంది గానీ ఏళ్ల తరబడి నిలబడుతుంది. కిట్ మానిఫోల్డ్‌నే వాడి తీరాలంటే, ఫ్లాంజ్ మీద స్టీలు స్కేలు ఆనించి ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పల్చటి ఆకుల పనిముట్టుతో) చూడండి. 0.1 మిల్లీమీటరు ఆకు దూరితే మెషిన్ షాపులో ఫ్లాంజ్ చదును చేయించాలి. చివరి రంధ్రాలను ఆకురాయితో కోలగా సాగదీయండి, టర్బో బరువుని ఇంజిన్ బ్లాక్ మీదికి దింపే ఒక బ్రాకెట్ కట్టండి. టర్బోకీ మానిఫోల్డ్‌కీ మధ్య ఉండే ఎం8 స్టడ్లు మామూలు స్టీలువైతే వేడికి సాగి నట్లు వదులైపోతాయి. మియాటా టర్బో కట్టేవాళ్లు అక్కడ వేడిని తట్టుకునే ఇన్‌కొనెల్ లోహపు స్టడ్లు, లాకింగ్ వాషర్లు వాడేది అందుకే. ఇది అలంకారమేమీ కాదు. ఒక్క నట్టు వదులైతే గ్యాస్ లీకు, లీకు అయితే టర్బో ఆలస్యం, ఆపైన పక్కనున్న వైర్లు కరగడం, వరసగా వచ్చేస్తాయి.

ఇక టర్బో. ఈ కిట్లలో ఎక్కువగా టీ3/టీ4 అనే పెద్ద సైజు వస్తుంది. పెట్టె మీద 400 హార్స్‌పవర్ అని రాసి ఉంటుంది. మియాటాకి అది లోపమే అవుతుంది, ఎందుకంటే కంపెనీ కనెక్టింగ్ రాడ్లు అంత బలాన్ని మోయవు. 1.8 లీటర్ల ఇంజిన్ ఊదే గ్యాస్ ఆ టర్బైన్‌ని (ఎగ్జాస్ట్ పక్క చక్రాన్ని) తిప్పడానికి చాలదు, 4000 ఆర్‌పీఎం దాకా బండిలో కదలిక ఉండదు. ఊళ్లో తిరిగే కారుకి గ్యారెట్ కంపెనీ జీటీ2560ఆర్ టర్బో లాంటిది చూడండి. టీ25 సైజు ఫ్లాంజ్, 0.64 ఏ/ఆర్ (టర్బైన్ హౌసింగ్ సైజుని చెప్పే అంకె) టర్బైన్, బాల్ బేరింగ్, 200 నుంచి 330 హార్స్‌పవర్ స్థాయికి రేటింగ్. ధర మొత్తం కిట్‌ని మించుతుంది. అయినా డబ్బు ఒక్కచోటే పెట్టగలిగితే ఇక్కడ పెట్టమనే మా సలహా.

కిట్ టర్బోనే వాడేవాళ్లు బిగించే ముందు షాఫ్ట్ పట్టుకుని చూడాలి. పక్కలకు కొంచెం ఆట ఉండడం సహజం, జర్నల్ బేరింగ్‌లో (గుండ్లు లేకుండా ఆయిల్ పొర మీదే షాఫ్ట్ తిరిగే రకంలో) ఆయిల్ లేనప్పుడు అలాగే ఉంటుంది. ముందుకీ వెనక్కీ ఆట మాత్రం చేతికి తెలియకూడదు. డయల్ గేజ్ మీద 0.1 మిల్లీమీటరు దాటితే తిప్పి పంపేయండి. షాఫ్ట్‌ని ఒక పక్కకు నొక్కి తిప్పినప్పుడు చక్రం రెక్కలు హౌసింగ్‌కి తగిలితే దాన్ని కారు దగ్గరికి కూడా తేవద్దు.

ఇంటి గరాజుల్లో కొత్త టర్బోలను చంపేది ఎక్కువగా ఆయిల్ సరఫరాలో జరిగే పొరపాట్లే. మియాటాలో ఆయిల్‌ని బ్లాక్ మీద ప్రెషర్ సెన్సర్ ఉండే రంధ్రం నుంచి తీసుకుంటారు. అక్కడి మర 1/8 బీఎస్‌పీటీ, అంగుళానికి 28 పళ్లు. కిట్‌లో వచ్చే ఫిట్టింగ్ 1/8 ఎన్‌పీటీ, అంగుళానికి 27 పళ్లు. మొదటి రెండు చుట్లు చక్కగా ఎక్కి నమ్మిస్తుంది, తర్వాత బిగిస్తే బ్లాక్ మర నలిగిపోతుంది. బీఎస్‌పీటీ అడాప్టర్ కొన్ని డాలర్లే, దాన్ని వేయండి. రెండోది, రిస్ట్రిక్టర్, అంటే ఆయిల్ ప్రవాహాన్ని తగ్గించే సన్న రంధ్రపు ముక్క. బాల్ బేరింగ్ టర్బోకి సుమారు 1 మిల్లీమీటరు రంధ్రం ఉన్న రిస్ట్రిక్టర్ కావాలి. గరిష్ఠ ఆర్‌పీఎంలో టర్బో దగ్గర ఆయిల్ ఒత్తిడి 40–45 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఉండాలని గ్యారెట్ చెబుతుంది. జర్నల్ బేరింగ్ టర్బోకి రిస్ట్రిక్టర్ పెట్టకూడదు. కొన్ని కిట్లు జర్నల్ టర్బోతో పాటే రిస్ట్రిక్టర్ కూడా ఇస్తాయి. తెలియక బిగిస్తే బేరింగ్ ఎండిపోతుంది.

తిరుగు గొట్టం ఇంకా ముఖ్యం. టర్బో సీళ్లు పిస్టన్ రింగుల లాంటివి, రబ్బరు సీళ్లలా ఆయిల్‌ని ఆపవు. ఆయిల్ బరువుకు తనే కిందికి జారిపోవాలి. దారి ఇరుకైతే వెనక్కి నిలిచి టర్బైన్‌లోకి కారి నీలం పొగ వస్తుంది. చాలామంది అప్పుడు టర్బో పోయిందని మార్చేస్తారు, కొత్తదీ అలాగే పొగ వదులుతుంది. 10ఏఎన్ సైజు గొట్టం వాడండి. టర్బో ఆయిల్ రంధ్రం నిట్టనిలువుకి 35 డిగ్రీలకు మించి వాలకూడదు, గొట్టంలో ఎక్కడా ఊయల పడకూడదు. ఆయిల్ ఛాంబర్‌లో అది కలిసే చోటు ఆయిల్ మట్టం కంటే పైన ఉండాలి. మియాటా ఛాంబర్ పోత అల్యూమినియం. దాన్ని విప్పాలంటే ఇంజిన్ ఎత్తాలి, లేదా సబ్‌ఫ్రేమ్ దించాలి. అందుకే బండి మీదే రంధ్రం చేస్తారు. 1/2 ఎన్‌పీటీ ట్యాప్‌కి 23/32 అంగుళాల డ్రిల్ కావాలి. డ్రిల్‌కీ ట్యాప్‌కీ గ్రీజు దట్టంగా పూసి, రెండు మూడు చుట్లకోసారి బయటికి తీసి తుడవండి, పొట్టు గ్రీజుకే అంటుకుంటుంది. తర్వాత చవక ఆయిల్ ఒక డబ్బా పోసి డ్రెయిన్ నుంచి వదిలేసి, మళ్లీ ఇంకో డబ్బాతో కడగండి. ఇంజిన్ లోపలి ఆవిరిని బయటికి లాగే పీసీవీ వాల్వ్ పాతదై బూస్ట్‌ని క్రాంక్‌కేస్‌లోకి వదిలినా ఇదే పొగ వస్తుంది కాబట్టి కొత్తది వేసేయండి.

ఇంటర్‌కూలర్ గురించి పెద్దగా ఫిర్యాదు లేదు. లోపల వెల్డింగ్ రవ్వలు ఉంటాయి, కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టండి. రెండు నోళ్లూ మూసి 20 పీఎస్‌ఐ గాలి పట్టి సబ్బు నీళ్లు చల్లి చూడండి. పైపుల చివర్లలో ఉబ్బెత్తు అంచు లేకపోతే బూస్ట్‌లో గొట్టం ఊడిపోతుంది. వెల్డర్‌తో చిన్న చుక్కలు పెట్టించుకున్నా సరిపోతుంది. స్క్రూ క్లాంపులు వస్తే వాటి బదులు టీ-బోల్ట్ క్లాంపులు తెచ్చుకోండి.

ఇప్పుడు పెట్టెలో లేనివాటి సంగతి. కంపెనీ ఈసీయూకి (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి) బూస్ట్ అంటే తెలియదు, ఇగ్నిషన్ టైమింగ్‌ని (ప్లగ్గు నిప్పు వేసే క్షణాన్ని) వెనక్కి లాగదు. కిట్‌తో వచ్చే రైజింగ్ రేట్ రెగ్యులేటర్ పెట్రోల్ ప్రెషర్ పెంచుతుంది గానీ టైమింగ్‌ని ఏమీ చేయలేదు. ఆ దారిలో వెళ్లిన ఇంజిన్లు నాకింగ్‌తో (పెట్రోల్ అదుపు తప్పి పేలడంతో) పిస్టన్ అంచులు విరిగి పోతాయి. ఇక్కడ మెగాస్క్విర్ట్ లాంటి ఈసీయూ తప్పనిసరి. 2001లో బ్రూస్ బౌలింగ్, అల్ గ్రిప్పో మొదలుపెట్టిన ఈ వ్యవస్థకి మియాటా వైరింగ్‌లో నేరుగా గుచ్చే రకాలు ఉన్నాయి. అందులోని 250 కిలోపాస్కల్ గాలి ఒత్తిడి సెన్సర్ సముద్ర మట్టం దగ్గర దాదాపు 21 పీఎస్‌ఐ బూస్ట్ వరకు చదువుతుంది, ఈ ఇంజిన్‌కి కావలసిన దానికంటే ఎక్కువే.

పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ల లెక్క ఇలా వేసుకోండి. టర్బో ఇంజిన్ ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకు సుమారు 0.6 పౌండ్ల పెట్రోల్ తాగుతుంది. 220 హార్స్‌పవర్‌కి 132 పౌండ్లు, నాలుగింటికి పంచితే ఒక్కో ఇంజెక్టర్‌కి 33. ఇంజెక్టర్‌ని 80 శాతం కంటే ఎక్కువసేపు తెరిచి ఉంచకూడదు కాబట్టి 41 పౌండ్లు, అంటే నిమిషానికి దాదాపు 430 సీసీ. 550 సీసీ ఇంజెక్టర్లు వేస్తే కాస్త వెసులుబాటు ఉంటుంది. పంపు గంటకు 190 లీటర్లది చాలు. 255 లీటర్లది వేస్తే పాత రెగ్యులేటర్ తిరుగు పెట్రోల్‌ని వదల్లేక ఐడిల్‌లోనే ప్రెషర్ పెరిగిపోవచ్చు.

ప్లగ్గులు ఎన్‌జీకే బీకేఆర్7ఈ, గ్యాప్ 0.7 మిల్లీమీటర్లు. పాత 1.1 గ్యాప్ వదిలేస్తే బూస్ట్‌లో నిప్పు ఆరిపోయి మిస్‌ఫైర్ అవుతుంది, దాన్ని పెట్రోల్ లోపమనుకుని రోజులు వృథా చేసుకుంటారు. ఎగ్జాస్ట్‌ని చూసి గాలి-పెట్రోల్ నిష్పత్తి చెప్పే వైడ్‌బ్యాండ్ సెన్సర్‌ని టర్బో తర్వాత కనీసం 18 అంగుళాల దూరంలో, అడ్డంగా కాకుండా పది డిగ్రీలైనా పైకి ఉండేలా బిగించండి, లేకపోతే గొట్టంలో చేరే నీరు దాన్ని పగలగొడుతుంది. బూస్ట్‌లో గాలి-పెట్రోల్ నిష్పత్తి 11.5 నుంచి 11.8 మధ్య మొదలుపెట్టండి. టైమింగ్ ఒక్కో పీఎస్‌ఐకి ఒక డిగ్రీ వెనక్కి తీయడం భద్రమైన తొలి అడుగు. అమెరికా బంకుల్లో రాసే 91 ఆక్టేన్, ఇండియాలో రాసే 91 ఒకటి కావు. అక్కడి 91, ఇండియాలో ఆక్టేన్ కొలిచే ఆర్ఓఎన్ లెక్కలో 95–96కి దగ్గర. అందుకే ఒక దేశంలో చేసిన ట్యూన్ మ్యాపుని (ఈసీయూలోని పెట్రోల్, టైమింగ్ పట్టికని) ఇంకో దేశంలో కారుకి అలాగే ఎక్కించకూడదు.

బూస్ట్ 7 పీఎస్‌ఐతో మొదలుపెట్టండి, బూస్ట్ కంట్రోలర్ జోలికి పోకుండా వేస్ట్‌గేట్ స్ప్రింగ్ మీదే నడపండి. చక్రాల దగ్గర టార్క్ 200–220 పౌండ్-ఫీట్ దాటితే కంపెనీ రాడ్లు వంగుతాయనేది మియాటావాళ్లు సాధారణంగా పెట్టుకునే హద్దు. రాడ్‌ని వంచేది హార్స్‌పవర్ కాదు, తక్కువ ఆర్‌పీఎంలో ఒక్కసారిగా వచ్చే టార్క్. ఈసీయూలో 180 కిలోపాస్కల్ దగ్గర ఫ్యూయల్ కట్ పెట్టుకుంటే వేస్ట్‌గేట్ గొట్టం ఊడినా ఇంజిన్ మిగులుతుంది.

వేడి ఈ కారుకి పుట్టుకతో వచ్చిన జబ్బు. ఈ ఇంజిన్ ముందు చక్రాల కార్లలో అడ్డంగా కూర్చోడానికి పుట్టింది. మియాటాలో పొడుగునా తిప్పినప్పుడు కూలెంట్ లోపలికి వెళ్లే దారి, బయటికి వచ్చే దారి రెండూ ముందే ఉండిపోయాయి. దాంతో వెనక సిలిండర్లకి ప్రవాహం తక్కువ. థర్మోస్టాట్‌ని హెడ్ వెనక్కి మార్చే కిట్ వేయడం, ముందు ఇంటర్‌కూలర్ పక్కల ఖాళీలను రేకుతో మూసి గాలిని రేడియేటర్‌కే మళ్లించడం, బండి కింది ప్లాస్టిక్ ట్రే తీసేయకుండా ఉంచడం. ఈ మూడూ కలిస్తే ఎండాకాలం టెక్సాస్‌లో కూడా నడుస్తుంది.

చట్టం విషయం కూడా ధరలో భాగమే. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయడం అమెరికా అంతటా చట్టవిరుద్ధం. కాలిఫోర్నియాలో ఎయిర్ రిసోర్సెస్ బోర్డు అనుమతిని చూపే ఈఓ నంబర్ లేని టర్బో కిట్‌తో కారు స్మాగ్ (పొగ) పరీక్ష దాటదు, ఈ పేరులేని పెట్టెలకి ఆ నంబర్ ఉండదు. ఇండియాలో అయితే కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీం కోర్టు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద స్పష్టంగా చెప్పింది.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు టర్బో ఆయిల్ రంధ్రంలో కాస్త ఆయిల్ పోసి, ఇంజెక్టర్ల వైరు కనెక్టర్లు ఊడదీసి, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా క్రాంక్ చేయండి. ఆ తర్వాత ఇంజిన్ మూడుసార్లు పూర్తిగా వేడెక్కి చల్లారాక మానిఫోల్డ్ నట్లు మళ్లీ బిగించండి. 500 మైళ్లకి ఆయిల్, ఫిల్టర్ మార్చి, ఫిల్టర్‌ని కోసి కాగితం మడతల్లో మెరుపులు ఉన్నాయేమో చూడండి. అల్యూమినియం పొట్టు కొంచెం కనిపిస్తే అది డ్రిల్ చేసినప్పటిది కావచ్చు. రాగి రంగు మెరుపు కనిపిస్తే బేరింగ్ అరుగుతున్నట్టు. బండిని ఇక నడపకుండా టర్బో, ఛాంబర్ విప్పి ఎక్కడిదో చూడండి.