ముందు అవతలి కంప్యూటర్ ఎక్కడుందో చూడండి: ఉచిత ఫైల్ ట్రాన్స్‌ఫర్ సాఫ్ట్‌వేర్లలో ఏది మేలు?

ఫ్రీగా ఫైళ్ళు పంపుకునే సాఫ్ట్‌వేర్ ఏది మంచిదని విశాఖలో నన్ను అడిగేవాళ్ళలో ఎక్కువమంది ఫొటో స్టూడియోల వాళ్ళు, ఫ్లెక్సీ ప్రింటింగ్ వాళ్ళు, డీటీపీ సెంటర్ల వాళ్ళు. రోజూ వాళ్ళ చేతుల్లో తిరిగేవన్నీ బరువైన ఫైళ్ళే. ఒక పెళ్ళి ఫొటోలూ వీడియోలూ కలిపితే వంద జీబీ దాటడం మామూలైపోయింది. జీమెయిల్ అటాచ్‌మెంట్ 25 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపినా ఒక్కో ఫైలు 2 జీబీ మించకూడదు, ఫొటోగా పంపితే క్వాలిటీ పోతుంది. ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లోకి 4 జీబీ దాటిన వీడియో ఎక్కదు. ఇంతలో ఎవరో ఒకరు "ఫైల్‌జిల్లా వేసుకో" అంటారు. విన్న పేరే కదా అని వేసుకుంటారు. తీరా చూస్తే పక్క టేబుల్ మీదున్న కంప్యూటర్‌కి పంపడానికి అది అక్కరకు రాదు, ఎందుకంటే అవతల సర్వర్ ఉంటే తప్ప దానికి పని లేదు.

అందుకే ఏది మేలు అనేముందు అవతలి కంప్యూటర్ ఎక్కడుందో అడుగుతాను. అదే షాపులోనా, ఊళ్ళో ఇంకో బ్రాంచిలోనా, ఎక్కడో నడుస్తున్న సర్వరా? ఇది తేలితే సగం పేర్లు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి.

ఒకే రౌటర్ కిందున్న కంప్యూటర్లయితే లోకల్‌సెండ్‌ని మించింది నాకింకా కనిపించలేదు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ ఉంది, ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ కూడా ఉంది. ఓపెన్ సోర్స్. అకౌంట్ అడగదు, యాడ్స్ ఉండవు. రెండు మిషన్లలోనూ తెరిచి పెడితే ఒకదానికొకటి కనిపిస్తాయి. ఫోల్డర్ లాగి వదిలితే అవతలివాళ్ళని అడుగుతుంది, వాళ్ళు సరేనంటే మొదలవుతుంది. మొదట్లో ప్రతి మిషన్‌కీ ఏదో పండు పేరు కలిపి తనే ఒక పేరు తగిలిస్తుంది. నాలుగు సిస్టమ్‌లున్న షాపులో ఏ పండు ఎవరిదో తెలియక కౌంటర్‌కి వెళ్ళాల్సిన ఆల్బమ్ ప్రింటర్ దగ్గరికి పోతుంది. సెట్టింగ్స్‌లో 'ఎడిటింగ్', 'కౌంటర్', 'ప్రింటర్' అని పేర్లు మార్చుకుంటే ఆ గొడవ ఉండదు.

దీనికి బయటి ఇంటర్నెట్ అక్కర్లేకపోవడం నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరి మీద పడ్డాక కరెంటు, ఫోన్లు, నెట్ రోజుల తరబడి లేకుండా పోయిన సంగతి ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. ఇన్వర్టర్ మీద రౌటర్ వెలుగుతుంటే చాలు, షాపులో పని ఆగకూడదు. మధ్యలో క్లౌడ్ ఉన్న ఏర్పాటుకి ఆ ధీమా లేదు.

"అన్నా, అవతలి సిస్టమ్ కనిపించట్లేదు" అని ఫోన్ వస్తే కారణం చాలాసార్లు ఈ రెండింట్లో ఒకటి. విండోస్‌లో ఆ వైఫై 'పబ్లిక్' నెట్‌వర్క్‌గా పడి ఫైర్‌వాల్ అడ్డుకుంటూ ఉంటుంది, దాన్ని 'ప్రైవేట్'కి మార్చాలి. లేదా ఒక కంప్యూటర్ రౌటర్‌లోని గెస్ట్ వైఫైలో ఉంటుంది. గెస్ట్‌లో ఉన్నవాటిని మామూలుగా మిగతా వాటితో మాట్లాడనివ్వదు.

స్లోగా ఉందని సాఫ్ట్‌వేర్‌ని తిట్టేముందు రౌటర్ వెనక్కి తిప్పి పోర్టు చూడండి. 100 ఎంబీపీఎస్ పోర్టు సెకనుకి 12.5 ఎంబీకి మించి మోయలేదు. ఆ లెక్కన వంద జీబీకి రెండుంపావు గంటలు పడుతుంది. అదే గిగాబిట్ స్విచ్ అయితే, హార్డ్ డిస్కులు అందుకోగలిగితే, పావుగంట చాలు. కేబుల్‌లో ఎనిమిది తీగలూ కలిపి ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. నాలుగు తీగలే కలిపి క్లిప్ కొట్టిన కేబుల్ మీద గిగాబిట్ రాదు. ఏ సాఫ్ట్‌వేర్ వేసినా ఈ గీత దాటదు.

లోకల్‌సెండ్‌కి ఒక లోటుంది. మధ్యలో తెగితే ఆగినచోటి నుంచి అందుకోదు. అందుకని విండోస్ నుంచి విండోస్‌కి వందల జీబీలు కేబుల్ మీద పంపేటప్పుడు నేను మామూలు షేర్డ్ ఫోల్డర్ పెట్టి, ఫైళ్ళు కాపీ చేసే రోబోకాపీ అనే కమాండ్ వాడమంటాను. విస్టా కాలం నుంచి విండోస్‌లోనే ఉంది. కమాండ్ టైప్ చెయ్యాలి కాబట్టి చాలామంది దాని జోలికి పోరు. కరెంటు పోయి వచ్చాక అదే కమాండ్ మళ్ళీ ఇస్తే, అప్పటికే వెళ్ళిపోయినవాటిని వదిలేసి మిగతావి మోస్తుంది. రాత్రి పెట్టి ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళకి ఇదే సరైనది.

ఇక గాజువాకలో ఒక బ్రాంచి, ద్వారకానగర్‌లో ఎడిటింగ్ ఉన్నవాళ్ళ సంగతి. ఇక్కడ నా ఓటు సింక్‌థింగ్‌కి. 2013లో మొదలైన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఇది. మధ్యలో ఎవరి దగ్గరా మీ ఫైళ్ళు దాచిపెట్టదు. ప్రతి మిషన్‌కీ పొడుగాటి డివైస్ ఐడీ ఒకటుంటుంది. ఇక్కడిది అక్కడ, అక్కడిది ఇక్కడ ఇచ్చుకుని ఫోల్డర్ షేర్ చేస్తే, ఆ తర్వాత గాజువాకలో ఆ ఫోల్డర్‌లో వేసింది ద్వారకానగర్‌లో దానంతటదే వచ్చి పడుతుంది. దారిలో డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యే, అంటే మధ్యలో ఎవరూ చదవలేని రూపంలోనే వెళ్తుంది. నెట్ తెగినా తిరిగి వచ్చినప్పుడు మిగిలిన ముక్కలే పంపుతుంది.

మన బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ, అంటే బయటి నుంచి నేరుగా చేరుకోగలిగే ఇంటర్నెట్ అడ్రస్ ఉండదు. కాబట్టి ఇంట్లోనో షాపులోనో ఎఫ్‌టీపీ (ఫైళ్ళు పంపుకునే పాత పద్ధతి) సర్వర్ పెట్టి బయటి నుంచి తెరవాలంటే అది వేరే తలనొప్పి. సింక్‌థింగ్ ఆ అడ్డంకిని తనే దాటుకుంటుంది. నేరుగా దారి దొరక్కపోతే డేటాని మధ్యలో అందుకుని అవతలికి దాటించే రిలే సర్వర్ల మీదుగా పంపుతుంది. రిలే మీద పడితే మాత్రం వేగం బాగా తగ్గుతుంది.

రెండు విషయాలు తెలియకుండా దీన్ని పెట్టుకోవద్దు. ఒకటి, రెండు కంప్యూటర్లూ ఒకేసారి ఆన్‌లో ఉండాలి. తొమ్మిదికి గాజువాక షట్టర్ దించి మెయిన్ ఆపేస్తే ద్వారకానగర్‌కి ఏమీ రాదు. రెండోది ఇంకా ముఖ్యం. ఇది బ్యాకప్ కాదు. ఒక స్టూడియోలో కౌంటర్ కుర్రాడు "అన్నా, డిస్క్ నిండిపోయిందని పాత పెళ్ళిళ్ళు తీసేశాను" అన్నాడు. ఎడిటింగ్ టేబుల్ దగ్గరున్నాయి కదా అన్నది అతని ధైర్యం. కానీ ఇక్కడ తీసేసింది అక్కడా పోతుంది, సింక్ అంటే అదే మరి. అందుకని అందుకునే కంప్యూటర్‌లో 'ఫైల్ వెర్షనింగ్' ఆన్ చేసి పెట్టండి. అప్పుడు అవతల తీసేసినవి ఇక్కడ విడిగా ఒక ఫోల్డర్‌లో మిగులుతాయి. అలాగే పంపేవైపు 'సెండ్ ఓన్లీ', అందుకునేవైపు 'రిసీవ్ ఓన్లీ' పెడితే, ఎడిటర్ పొరపాటున చేసిన మార్పులు ఒరిజినల్స్ మీదికి తిరిగి రావు.

అప్‌లోడ్ వేగం కూడా లెక్కలోకి తీసుకోండి. 50 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉంటే వంద జీబీకి నాలుగున్నర గంటలు పడుతుంది. అర్జంటైతే ఎస్‌ఎస్‌డీ జేబులో వేసుకుని ఎన్‌ఏడీ కొత్త రోడ్డు మీదుగా బండి మీద వెళ్ళినవాడే ముందు చేరతాడు. అది తప్పేమీ కాదు. సింక్‌థింగ్ బలం రోజూ పడే పది, ఇరవై జీబీల పనిలో ఉంది.

ఇప్పుడు ఫైల్‌జిల్లా, విన్‌ఎస్‌సీపీ. అవతల ఉన్నది సర్వర్ అయితే ఎఫ్‌టీపీ లాంటి పద్ధతుల్లో దానికి ఫైళ్ళు పంపేవి ఇవి. ఎఫ్‌టీపీ మొదటి రూపాన్ని 1971 ఏప్రిల్‌లో రాసినది ఐఐటీ కాన్పూర్‌లో చదివి ఎంఐటీకి వెళ్ళిన అభయ్ భూషణ్. మనవాడు గీసిన దారిలో ప్రపంచం ఇన్నేళ్ళు ఫైళ్ళు పంపుకుందంటే నాకు గర్వంగా ఉంటుంది. కానీ ఆ రోజుల్లో పుట్టిన పద్ధతి కాబట్టి పాస్‌వర్డ్ కూడా దాపరికం లేకుండా తీగ మీద పోతుంది. 2021లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ ఎఫ్‌టీపీని తీసేశాయి. వెబ్‌సైట్ హోస్టింగ్‌కో, ఆల్బమ్ ప్రింటింగ్ ల్యాబ్ ఇచ్చిన సర్వర్‌కో పంపుతున్నప్పుడు ఎస్‌ఎఫ్‌టీపీ (పాస్‌వర్డ్, ఫైళ్ళు అన్నీ ఎన్‌క్రిప్ట్ చేసి పంపే పద్ధతి) ఇస్తారా అని అడగండి. ఇస్తామంటే అదే వాడండి. ఫైల్‌జిల్లా, విన్‌ఎస్‌సీపీ రెండింటికీ అది వచ్చు.

విండోస్ మీదైతే నేను విన్‌ఎస్‌సీపీ వైపే మొగ్గుతాను. ఎడమవైపు మన కంప్యూటర్, కుడివైపు సర్వర్. పెద్ద ఫైలు వెళ్తున్నంతసేపూ అవతల దాని పేరు చివర 'ఫైల్‌పార్ట్' అని తోక ఉంటుంది, పూర్తయ్యాకే అసలు పేరు వస్తుంది. దాంతో సగంలో ఆగిన ఫైలుని ల్యాబ్‌వాళ్ళు పూర్తిదనుకుని ప్రింట్‌కి ఎక్కించే ప్రమాదం తప్పుతుంది. నెట్ తెగినా మిగిలినది అక్కడి నుంచే అందుకుంటుంది. ఒక ఫోల్డర్‌లో ఏ మార్పు చేసినా సర్వర్‌లో కూడా మారేలా పెట్టుకోవచ్చు. అమెజాన్ వాళ్ళ క్లౌడ్ స్టోరేజ్ ఎస్3కి కూడా ఉచితంగానే పంపుతుంది. ఫైల్‌జిల్లాలో ఆ సదుపాయం డబ్బు పెట్టి కొనే ప్రో వెర్షన్‌లోనే ఉంది.

ఫైల్‌జిల్లాని తీసిపారెయ్యను. మ్యాక్, లినక్స్ వాళ్ళకి విన్‌ఎస్‌సీపీ లేదు కాబట్టి వాళ్ళకి ఇదే దారి. వేల చిన్న ఫైళ్ళు పంపేటప్పుడు కింద క్యూ కళ్ళెదుట కనిపిస్తుంది, వెళ్ళనివన్నీ వేరే ట్యాబ్‌లో చేరతాయి, వాటిని మాత్రం మళ్ళీ పంపొచ్చు. ఈ ఏర్పాటు నాకు ఇష్టం. డౌన్‌లోడ్ చేసేటప్పుడు మాత్రం కళ్ళు తెరుచుకుని ఉండాలి. వాళ్ళ సైట్‌లో ముందు కనిపించే విండోస్ ఇన్‌స్టాలర్‌తో వేరే సాఫ్ట్‌వేర్ల ఆఫర్లు కలిసి వస్తుంటాయి, గబగబా 'నెక్స్ట్' కొట్టుకుంటూ పోతే అవీ ఎక్కేస్తాయి. అదే సైట్‌లో మిగతా డౌన్‌లోడ్‌లలో ఆఫర్లు లేనిది ఉంటుంది, అది తీసుకోండి. నలుగురు కూర్చునే కంప్యూటర్ అయితే సెట్టింగ్స్‌లో మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టండి. లేకపోతే దాచుకున్న సర్వర్ పాస్‌వర్డ్‌లు ఎవరైనా తీసి చూడొచ్చు.

మిగతావాటి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్ నుంచి విండోస్‌కి నాలుగు ఫొటోలైతే గూగుల్ క్విక్ షేర్ చాలు. లినక్స్ మింట్ వాళ్ళకి వార్పినేటర్ సిస్టమ్‌తోనే వస్తుంది. షేర్‌ఇట్, జెండర్ ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో ఆ రెండూ ఉన్నాయి. ఎక్కడెక్కడి సైట్ల నుంచో వాటి పాత కాపీలు తెచ్చి షాపు కంప్యూటర్‌లో వెయ్యొద్దు.

ఏది వాడినా కెమెరా కార్డు ఫార్మాట్ చేసే ముందు సరిచూసుకోండి. సింక్‌థింగ్ ప్రతి ముక్కనీ తనే హ్యాష్ (లోపలి డేటాని బట్టి వచ్చే అక్షరాలూ అంకెల వరస) కట్టి పోల్చుకుంటుంది. కార్డులోంచి ఆ ఫోల్డర్‌లోకి అన్నీ దిగాయా అన్నది మాత్రం మనమే చూసుకోవాలి. మిగతావాటితో పంపినప్పుడు ముందు రెండువైపులా ఫోల్డర్ ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ళ సంఖ్య, బైట్ల లెక్క కలిశాయో లేదో చూడండి. మళ్ళీ తియ్యలేని ముహూర్తం వీడియో లాంటిదైతే సెవెన్-జిప్ వేసుకుని, ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ఎస్‌హెచ్‌ఏ-256 అనే హ్యాష్ తియ్యండి. రెండుచోట్లా అదే వరస వస్తే కార్డు ఖాళీ చెయ్యొచ్చు.