ఫిఫ్త్ వీల్ ట్రైలర్ కొంటున్నారా? ముందు డోరు తెరిచి పసుపు స్టిక్కరు చూడండి

కొలరాడోలో ఉంటూ ట్రైలర్ కొనాలని చూస్తున్న మనవాళ్లు నాకు తెలిసే ముగ్గురున్నారు. వాళ్లకి విడివిడిగా చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి రాస్తున్నాను. నాకు పోయింది డబ్బే, మనుషులం క్షేమం. కానీ ఒక పావుగంట సేపు ఆ మాట అనుకునే పరిస్థితి లేదు.

గుంటూరు నుంచి అమ్మా నాన్నా వేసవికి వచ్చారు. వాళ్లని యూటాలో ఆర్చెస్ నేషనల్ పార్కు దాకా తిప్పుకొద్దామని, హోటళ్ల బాధ లేకుండా, వంట మనమే చేసుకోవచ్చని సెకండ్ హ్యాండ్‌లో ఒక ఫిఫ్త్ వీల్ ట్రైలర్ (పడకలు, వంటగది ఉండి ట్రక్కు వెనక లాక్కెళ్లే బండి ఇల్లు), దాన్ని లాగడానికి 2500 క్లాసు డీజిల్ పికప్ ట్రక్కు (వెనక తొట్టి ఉండే పెద్ద రకం) ఒకే డీలర్ దగ్గర తీసుకున్నాను. డీలర్ పేరు రాయను. ఇలాంటి మాట చెప్పేవాడు వాడొక్కడే కాదు.

వాడు చెప్పిన మాట: "ఈ ట్రక్కు 17,000 పౌండ్లు లాగుతుంది. నీ ట్రైలర్ ఖాళీ బరువు 10,200. ఇంక ఆలోచన ఎందుకు?" నిజంగానే ఆలోచించలేదు. బయల్దేరే రోజు మా నాన్న ఒక్కడే అడిగాడు, "లోడు కాటా వేయించావారా?" అని. మిర్చి యార్డులో ముప్పై ఏళ్లు కమీషన్ వ్యాపారం చేసిన మనిషి, కాటా పడనిదే లారీ కదలనివ్వడు. "ఇక్కడ అవన్నీ అక్కర్లేదు నాన్నా, కంపెనీవాళ్లే లెక్కలేసి ఇస్తారు" అన్నాను. తెలివైనవాణ్ణి మరి.

ఐ-70 హైవే మీద ఐసెన్‌హవర్ టన్నెల్ దాకా ఎక్కడం హాయిగా ఉంది. టన్నెల్ పడమటి ద్వారం 11,158 అడుగుల ఎత్తున ఉంటుంది. టర్బో డీజిల్ కాబట్టి ఇంజను అంత ఎత్తులోనూ పెద్దగా నీరసించలేదు. (టర్బో లేని పెట్రోలు ఇంజనైతే ప్రతి 1,000 అడుగులకీ సుమారు 3 శాతం శక్తి పోతుంది. అక్కడికి చేరేసరికి మూడో వంతు మాయం. పెట్రోలు ట్రక్కు చవకని చూస్తున్నవాళ్లు గుర్తుపెట్టుకోండి.) వాడు చెప్పింది నిజమే, బండి లాగుతోంది అనుకున్నాను.

టన్నెల్ దాటాక సిల్వర్‌థోర్న్ దాకా ఒకటే దిగుడు. 7 శాతం వాలు. అదుపు తప్పిన లారీలు ఎక్కడానికి కంకర పోసిన ర్యాంపులు ఆ దారిలో ఊరికే కట్టలేదు. సగం దిగేసరికి వెనక బండి ముందు బండిని తోయడం మొదలుపెట్టింది. బ్రేకు తొక్కుతున్నా, వదులుతున్నా, మళ్లీ తొక్కుతున్నా. పెడల్ మెత్తబడింది. అద్దంలో చూస్తే ట్రైలర్ ఎడమ చక్రం దగ్గర పొగ. మా ఆవిడ మాట్లాడటం ఆపేసింది. నాన్న మాత్రం వెనక సీట్లోంచి, "గేరు తగ్గించు. ఏ గేర్లో ఎక్కావో ఆ గేర్లో దిగాలి, శ్రీశైలం ఘాట్‌లో లారీవాళ్లు చేసేది అదే" అన్నాడు. రెండో గేరుకి తెచ్చాను. ఇంజను అరిచింది గానీ బండి నెమ్మదించింది. రోడ్డు పక్క షోల్డర్‌లో ఆపి దిగితే కాలిన బ్రేకు వాసన. ఆ ట్రక్కులో ఎగ్జాస్ట్ బ్రేక్‌కి ఒక బటన్ ఉందని, అది నొక్కి ఉంటే ఇంజనే సగం పని చేసేదని నాకు ఆ సాయంత్రం తెలిసింది. తాళాలు ఇచ్చిన రోజు టీవీ రిమోట్ గురించి పది నిమిషాలు చెప్పినవాడు దాని గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

మర్నాడు ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ మీద ఎక్కించాను. మన కాటా లాంటిదే, మూడు పలకలుంటాయి: ముందు ఇరుసుకి, వెనక ఇరుసుకి, ట్రైలర్‌కి విడివిడిగా బరువు చెబుతుంది. ముందు 4,750, వెనక 6,840, ట్రైలర్ ఇరుసులు 9,660. తర్వాత ట్రైలర్ విప్పేసి ట్రక్కు ఒక్కదాన్నే తూయించాను. 8,950.

ఇక్కడే అసలు సంగతి. ఫిఫ్త్ వీల్ అంటే మామూలు ట్రైలర్‌లా బంపరు వెనక తగిలించేది కాదు. దాని ముక్కు కింద ఉండే కింగ్‌పిన్ అనే లావాటి ఇనప పిన్ను వచ్చి ట్రక్కు తొట్టిలో, వెనక ఇరుసు నెత్తిన కూర్చుంటుంది. ట్రైలర్ మొత్తం బరువులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ట్రక్కే మోయాలి. లాగడం వేరు, మోయడం వేరు. లాగే లెక్క బ్రోషర్లో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. మోసే లెక్క డ్రైవరు డోరు తెరిస్తే ఫ్రేము మీద చిన్న పసుపు స్టిక్కరులో ఉంటుంది: మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదని. నా ట్రక్కు స్టిక్కరు మీద 2,060.

అందులోంచి తీసేయండి. మేము ఐదుగురం 680. ఆ పిన్నుని పట్టుకోవడానికి తొట్టిలో బిగించిన హిచ్ 180. జనరేటరు, కూలరు, అమ్మ పెట్టిన బియ్యం, పచ్చళ్లు 150. మిగిలింది 1,050. స్కేల్ చీటీలో ట్రక్కు రెండు ఇరుసులూ కలిపి 11,590, అందులోంచి ట్రక్కు ఒక్కదాని 8,950 తీసేస్తే పిన్ బరువు, అంటే ట్రైలర్ ట్రక్కు మీద మోపిన బరువు, 2,640. అంటే 1,590 పౌండ్లు ఎక్కువ. వెనక టైర్లు ఒక్కోటి మోయగలిగేది 3,195, నేను వేసింది 3,420. బ్రోషర్లో పిన్ బరువు 1,850 అని ఉంది. అది బ్యాటరీ, ప్రొపేన్, నీళ్లు, సామాను ఏమీ లేని ఖాళీ బండిది. అయినా ఆ అంకెకి కూడా నా ట్రక్కులో చోటు లేదు! డీలర్ కూడిక చేసి ఉంటే అమ్మకం పోయేది, అందుకే చేయలేదు.

అరవై గ్యాలన్ల నీళ్లు ఇంటి దగ్గరే నింపుకుని బయల్దేరిన ఘనత మాత్రం నాది. అవే 500 పౌండ్లు. దారిలో నీళ్లు దొరకవేమోనన్న భయం మనకి పుట్టుకతో వస్తుంది.

మరి ఆ 17,000 అబద్ధమా అంటే కాదు. ఆ అంకెలు ఎస్ఏఈ (వాహన ఇంజనీర్ల సంఘం) పెట్టిన జే2807 అనే ప్రమాణం ప్రకారం తేలుస్తారు. అందులో ఒక పరీక్ష అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర 11.4 మైళ్ల ఎక్కుడు మీద. ఏసీ పూర్తిగా పెట్టి, మామూలు నాలుగు చక్రాల ట్రక్కైతే 40 మైళ్ల స్పీడు తగ్గకుండా ఎక్కాలి. కానీ ట్రక్కులో ఇద్దరే మనుషులు, తలా 150 పౌండ్లు. అమ్మా నాన్నా, పిల్లాడు, బియ్యం బస్తా ఆ లెక్కలో లేరు. పైగా 2500 క్లాసులో చాలా ట్రక్కులకి బండి, దాని మీది లోడు కలిపి మొత్తం బరువు 10,000 పౌండ్ల దగ్గర గీత గీసి ఉంటుంది. డీజిల్ ఇంజను పెట్రోలు ఇంజను కంటే బాగా బరువు. అందుకే అదే ట్రక్కులో డీజిల్, లెదరు సీట్లు, సన్‌రూఫ్ అంటూ పెంచుకుంటూ పోతే మోసే బలం తగ్గుతూ పోతుంది. ఖరీదు ఎక్కువైన కొద్దీ మోసేది తక్కువ, చూడండి విడ్డూరం.

బ్రేకుల సంగతి ఇంకా దారుణం. "అన్నీ చెక్ చేశాం" అని రాసిచ్చిన ట్రైలర్‌కి నాలుగు చక్రాల్లో రెండింటికి బ్రేకు పడటం లేదు. ఒకదానికి, ఇరుసు గొట్టం లోపల వెళ్లే వైరు రాసుకుని రాసుకుని తెగిపోయింది. ఇంకోదాంట్లో ఎవడో గ్రీజు గన్‌తో తెగ కొట్టేసరికి సీలు దాటి బ్రేకు షూల మీదికి కారింది. పొగ వచ్చింది పనిచేస్తున్న చక్రం నుంచే పాపం, ఇద్దరి పని ఒక్కటే చేసి. చక్రాలు విప్పిన మెకానిక్ నన్ను చూసి నవ్వలేదు, అదే ఇంకా సిగ్గనిపించింది.

కాబట్టి డబ్బు కట్టకముందే ట్రైలర్ తగిలించి వాళ్ల లాట్‌లో 20 మైళ్ల స్పీడుకి తెచ్చి, ట్రక్కు డ్యాష్‌లో ట్రైలర్ బ్రేకు మీట ఒక్కదాన్నే నొక్కండి. వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టు బండి ఆగాలి. మెత్తగా జారుకుంటూ పోతే చక్రాలు విప్పించి చూపించమనండి. టైర్ల పక్కన డాట్ (DOT) అని ఉన్నచోట చివరి నాలుగు అంకెలు చూడండి: మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నావి ఏడేళ్లవి. గీత అరగలేదు కదా అన్నాడు సేల్స్‌మన్. ఎండలో నిలబడ్డ ట్రైలర్ టైరు గీత అరగకుండానే పేలుతుంది.

డీలర్ దగ్గరికి స్కేల్ చీటీ పట్టుకుని వెళ్లాను. మేనేజరు మర్యాదగానే మాట్లాడి, నేను సంతకం పెట్టిన కాగితాల్లో ఒక లైను చూపించాడు: లాగే వాహనం సరిపోతుందో లేదో చూసుకునే బాధ్యత కొన్నవాడిదే. బ్రేకులకి సగం ఖర్చు ఇచ్చాడు. ట్రక్కు వెనక్కి తీసుకుంటే ఎంతిస్తావంటే, కొన్న ఆరు వారాలకే ఎనిమిది వేలు తగ్గించి చెప్పాడు.

ట్రైలర్ ఇప్పుడు స్టోరేజీ యార్డులో అద్దె కడుతూ ఉంది. నాన్న వెళ్లిపోయేలోపు ఆర్చెస్ చూపించాను, హోటళ్లలో దిగి, మామూలు కారులో. మొన్న శనివారం ఇంకో ఊళ్లో ఒక 3500 డ్యూయలీ, వెనక నాలుగు చక్రాలది, చూడటానికి వెళ్లాను. సేల్స్‌మన్ బానెట్ ఎత్తబోతుంటే నేను డ్రైవరు డోరు తెరిచి కింద కూర్చున్నాను. 5,410. ఫోటో తీసి నాన్నకి పంపాను. వెంటనే ఫోన్ చేశాడు. "రేటు ఎంతంట?" అన్నాడు. ఇంకా అడగలేదన్నాను. "ముందు కాటా" అని పెట్టేశాడు.