తేనె కన్నా మైనమే ఎక్కువ పనికొచ్చింది: ఆరేళ్ళ వాడకం

మా ఇంట్లో తేనె చాలావరకు గిరిజన సహకార సంస్థ సీసాలే. ఏజెన్సీ గిరిజనులు సేకరించిన అడవి సరుకు కొని అమ్మే ఈ సంస్థ 1956లో మొదలైంది. తేనెమైనం మాత్రం పాడేరు సంతలో కొన్నాను. రెండూ వాడబట్టి ఆరేళ్ళు దాటింది.

ముందు మైనం. చలికాలం వస్తే నా మడమలు రక్తం చిమ్మేలా పగులుతాయి. దానికి అమ్మమ్మ చెప్పిన పూత: ఒక వంతు మైనం, నాలుగు వంతులు గానుగ నువ్వులనూనె. నేరుగా పొయ్యి మీద పెట్టకూడదు. మరిగే నీళ్ళలో చిన్న గిన్నె పెట్టి కరిగించాలి. 62, 64 డిగ్రీలకే మైనం కరిగిపోతుంది, పెద్ద మంట దండగ. చల్లారితే వెన్నలా పేరుకుంటుంది. రాత్రి కాళ్ళు కడిగి, తడి పూర్తిగా ఆరకముందే పట్టించి సాక్సు వేసుకుంటాను. నాలుగు రోజుల్లో మంట తగ్గుతుంది, పగుళ్ళు పూడడానికి మాత్రం రెండు మూడు వారాలు. ఇందులో మహిమేమీ లేదు, చర్మంలోని తడి పోకుండా పైన పొర కడుతుంది, అంతే. ఎండాకాలం ఈ పూత జారిపోతుంది కాబట్టి అప్పుడు మైనం కాస్త పెంచుతాను.

మొదటిసారి టౌన్లో ఒక కొట్టువాడు "అసలు తేనెమైనం" అని తెల్లటి దిమ్మ అంటగట్టాడు. వేళ్ళ మధ్య ఎంత నలిపినా మెత్తబడలేదు, తేనె వాసన అసలే లేదు. కొవ్వొత్తుల మైనం! సంతలో దొరికింది పసుపుపచ్చగా ఉండి, చేతి వేడికే లొంగింది.

తేనెకి వస్తే, దగ్గుకి మంచి మార్కులు వేస్తాను. పడుకునే ముందు చెంచా తేనెలో చిటికెడు మిరియాల పొడి. గొంతులో గరగర తగ్గి నిద్ర పడుతుంది. జలుబు మాత్రం దాని రోజులు అది ఉండే పోతుంది. మా పెద్దత్త తన పసి మనవడికి వసకొమ్ము అరగదీసి తేనెతో నాకించబోతే నేను అడ్డుపడ్డాను. ఏడాది లోపు పిల్లలకు తేనె పెట్టకూడదు, అందులో ఉండగల, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే సూక్ష్మక్రిమి బీజాలను పసి పేగులు తట్టుకోలేవు. అత్త నెల్లాళ్ళు మాట్లాడలేదు, అయినా నాకు బాధ లేదు.

తొలి చలికాలంలో సీసా అడుగున తేనె గడ్డకడితే పంచదార పాకమని వాపసు ఇవ్వడానికి బయల్దేరాను. అది గ్లూకోజు పేరుకోవడమట. సీసాని గోరువెచ్చని నీళ్ళలో ఉంచితే కరిగింది. తేనె అసలుదో కాదో తేల్చడానికి అందరూ చెప్పే నీళ్ళలో చుక్క, అగ్గిపుల్ల పరీక్షలు నేనూ చేశాను. చిక్కటి పాకం కూడా వాటిలో పాసైపోయింది!

పొద్దున్నే నిమ్మరసం, తేనె మూడు నెలలు తాగాను. రెండు కిలోలు తగ్గాను గానీ, అదే మూడు నెలలు సాయంత్రం బజ్జీలు కూడా మానేశాను. ఘనత ఎవరిదో చెప్పలేను.

నాన్నకి షుగర్. "తేనె పంచదార కాదు కదా" అని రోజూ కాఫీలో రెండు చెంచాలు వేసుకున్నారు. పదిరోజుల్లో రీడింగు పైకెక్కింది, డాక్టరు గట్టిగా మందలించారు. ఆయన మడమ పగిలినప్పుడు నా పూత కూడా రాయనివ్వలేదు, షుగర్ ఉన్న కాలు ముందు తనకే చూపించమన్నారు. ఇప్పుడు తేనె సీసా అమ్మ బీరువాలో ఉంటోంది, తాళంచెవి కొంగున.