ఫీడ్ షాపుకి సీసీ ఖాతా: 5కి 3 స్టార్లు, పోయిన రెండూ డీపీ దగ్గరే

పశ్చిమ గోదావరిలో ఆకివీడు, ఉండి, కాళ్ల ఊళ్ల వైపు రొయ్యల, చేపల మేత, మందులు అమ్మేవాళ్లు సీసీ (క్యాష్ క్రెడిట్, అంటే సరుకు, బాకీల మీద బ్యాంకు ఇచ్చే అప్పు ఖాతా) తీసుకోవాలా వద్దా అని తెగ అడుగుతున్నారు కాబట్టి ఒకేసారి రాసి పడేస్తున్నానండి. బ్యాంకు పేరు రాయను, గవర్నమెంటు బ్యాంకు అనుకోండి చాలు. స్టాఫ్ మంచోళ్లే, కూర్చోబెట్టి మాట్లాడతారు, అప్పిచ్చేటప్పుడు పెద్దగా తిప్పలేదు కూడా.

బాగున్నది ముందు చెప్తాను. వాడుకున్న డబ్బుకే వడ్డీ, అదీ ఏ రోజు బ్యాలెన్సుకి ఆ రోజు లెక్క. 10 లక్షలు వాడితే 11 శాతం చొప్పున 30 రోజులకి తొమ్మిది వేల చిల్లర పడుద్ది. పట్టుబడి, అంటే చెరువులో సరుకు పట్టి అమ్మడం, అయిన రైతు డబ్బులేస్తే మనం వెంటనే సీసీలో జమ చేసేస్తాం, ఆ రోజు నుంచే వడ్డీ తగ్గిపోద్ది. బయట రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, దాంతో పోలికే లేదు. పైగా కంపెనీకి క్యాష్ కట్టి సరుకు దింపుకుంటే డిస్కౌంటు వస్తుంది కదా, దాంతో వడ్డీ కొంత అక్కడే కలిసొచ్చేస్తుంది. ఇక్కడిదాకా 5 స్టార్లే.

ఇక డీపీ సంగతి. డ్రాయింగ్ పవర్ అంటారు, బ్రాంచిలో అందరూ డీపీ డీపీ అనేస్తారు గానీ అదేంటో కూర్చోబెట్టి చెప్పేవాడు ఒక్కడు ఉండడు. 20 లక్షలు శాంక్షన్ అయిందని పేపర్లో ఉంటుంది, అది లిమిట్. ఈ నెల అందులోంచి ఎంత తీసుకోవచ్చో చెప్పేది డీపీ. రెండింట్లో ఏది తక్కువైతే అంతవరకే తీయనిస్తారు. డీపీ ఎలా వస్తుందంటే, నెలనెలా మనం ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్ లోంచి వస్తుంది. మార్జిన్ అంటే విలువలో బ్యాంకు అప్పివ్వకుండా వదిలేసే వాటా, నాకు రాసిన మార్జిన్ల ప్రకారం చెప్తాను, మీ బ్యాంకులో వేరేగా ఉండొచ్చు. గోడౌన్లో సరుకు 16 లక్షలు ఉందనుకోండి, అందులో కంపెనీకి ఇంకా కట్టాల్సింది 4 లక్షలు, అది తీసేస్తారు, ఎందుకంటే డబ్బు కట్టని సరుకు మనది కాదని వాళ్ల లెక్క. మిగిలిన 12 లో 25 శాతం మార్జిన్ పోతే 9 లక్షలు. రైతుల దగ్గర రావాల్సిన బాకీలు 15 లక్షలు ఉంటే 90 రోజులు దాటిన బిల్లులు ఒక 5 లక్షలు పక్కన పెట్టేస్తారు, మిగతా 10 లో 40 శాతం మార్జిన్ తీస్తే 6 లక్షలు. 9, 6 కలిపితే 15. అంటే 20 లక్షల లిమిట్ మీద మీ చేతికి అందేది 15 అన్నమాట.

లెక్క తప్పని నేననను. అప్పుకి ఆధారం ఆ సరుకూ ఆ బాకీలే, సరుకు హైపోథికేషన్‌లో ఉంటుంది, అంటే మన గోడౌన్లోనే ఉంటుంది, మనమే అమ్ముకుంటాం, కానీ దాని మీద హక్కు బ్యాంకుకి ఉంటుంది. సరుకు తగ్గితే అప్పూ తగ్గాలి, న్యాయమే. నా గొడవల్లా ఆ 90 రోజుల దగ్గర.

మన దగ్గర వ్యాపారం అలా నడవదండి. వనామీ రొయ్య వేసిన రైతుతో పెద్ద ఇబ్బంది లేదు, పంట 100, 120 రోజులైనా మొదటి నెల బ్లైండ్ ఫీడ్ (రొయ్య ఎంత తింటుందో చూడకుండా అంచనాగా వేసే మేత) ఎన్ని కట్టలు పడతాయి చెప్పండి, అసలు మేత వెళ్లేది చివరి నెలన్నరలోనే కాబట్టి బిల్లులు పాతబడే లోపే పట్టుబడి అయిపోద్ది. కానీ వైట్ స్పాట్ రోగం తగిలి వంద కౌంట్ (కిలోకి వంద రొయ్యలు) సైజు కూడా రాకుండా పట్టేశాడనుకోండి, బాకీ వచ్చే పంటకి వెళ్లిపోద్ది. ఇక కొల్లేటి వైపు శీలావతి, బొచ్చె చేపలు వేసిన చెరువులైతే ఎనిమిది పది నెలలు, చేప పట్టే దాకా రూపాయి రాదు. ఆ రైతు ఎగ్గొట్టేవాడు కాదు, తాతల నాటి ఖాతా, అయినా 91వ రోజుకి బ్యాంకు లెక్కలో ఆ బిల్లు సున్నా. నాకు ఒకసారి కంపెనీకిచ్చిన చెక్కు అలాగే ఆగింది, లిమిట్లో ఇంకా 4 లక్షలు ఉన్నాయి కదండీ అంటే లిమిట్ ఉందండి, డీపీ లేదండి అన్నారు. పొద్దున్నే లోడు దిగాల్సిన రోజు ఈ మాట వింటే ఎలా ఉంటుందో మన ఫీల్డ్ వాళ్లకే తెలుసు.

స్టేట్‌మెంట్ లేటుగా ఇచ్చినా కొంప మునుగుద్ది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మూడు నెలలు దాటిన స్టేట్‌మెంట్ మీద లెక్కేసిన డీపీతో వాడుకుంటే ఆర్బీఐ రూల్లో అది ఇర్రెగ్యులర్, అలాగే 90 రోజులు సాగితే ఖాతా మొండి బాకీ, అదే ఎన్‌పీఏ. లిమిట్, డీపీల్లో తక్కువ దానికి మించి వరసగా 90 రోజులు బాకీ ఉన్నా అదే సంగతి. వడ్డీ కడుతూనే ఉన్నాను కదా అంటే కుదరదు.

ఇన్‌స్పెక్షన్ మాత్రం పద్ధతిగా చేశారు. ఆఫీసరు గారు గోడౌన్‌కి వచ్చి ముందు వరసలో ఎన్ని కట్టలు, పైకెన్ని, లోపలికెన్ని అని గుణించి, మధ్యలో ఒక కట్ట లాగించి మరీ డేటు చూశారు. డేటు దాటినవి, చెమ్మ పట్టి ఉండకట్టినవి లెక్కలోంచి తీసేశారు. అప్పుడు చిరాకేసింది గానీ నిజానికి మనమూ అలాగే చూసుకోవాలి. ఇన్సూరెన్సు తప్పనిసరి, కొల్లేటి నీళ్లు సముద్రంలోకి పోయే ఉప్పుటేరు పొంగితే గోడౌన్ పరిస్థితేంటో వేరే చెప్పాలా, అందులో వరద నీళ్లు కవర్ అవుతాయో లేదో చదివి సంతకం పెట్టండి. ఇన్‌స్పెక్షన్ ఛార్జీ, ఏటా రెన్యువల్ ఛార్జీ ఉంటాయి, మామూలే.

కొత్తగా తీసుకునేవాళ్లు వడ్డీ అర శాతం తగ్గించమని బతిమాలే బదులు ఈ బాకీల గడువు 90 రోజుల కన్నా పెంచమని అడగండి. ఉండిలో మా బావమరిది చేపల రైతుల ఖాతాలు, పాత పట్టుబడి బిల్లులు చూపించి శాంక్షన్ అప్పుడే 180 రోజులు రాయించుకున్నాడు, వాడికి లిమిట్ నాకన్నా తక్కువే గానీ చేతికి అందేది ఎక్కువ. అదే సంగతి మా మేనేజర్ గారితో అంటే రెన్యువల్‌లో పై ఆఫీసుకి రాస్తానన్నారు, మార్చిలో ఉంది అది. రాసి సాధిస్తే నాలుగో స్టార్ వేస్తాను, లేదంటే ఖాతాని బావమరిది వాళ్ల ఉండి ఊరి బ్రాంచికి మార్చేస్తాను.