లిఫ్టుకూ ఎక్కుడుకూ ఒకే జత స్కీలు: బరువు ఎక్కడ ఉంటే మేలు?

నవంబరు వస్తే చాలు, సియాటిల్ పక్కన రెడ్మండ్, బెల్‌వ్యూల్లోని తెలుగు మిత్రులు ఒకే ప్రశ్న అడుగుతారు. "అన్నా, లిఫ్టు రోజులకూ, స్కిన్లు వేసుకుని కొండెక్కే రోజులకూ ఒకే జత సరిపోతుందా? సరిపోతే ఏది కొనాలి?" లిఫ్టు అంటే తీగల మీద కొండపైకి మోసుకెళ్లే కుర్చీ, స్కిన్లు అంటే స్కీ అడుగున అంటించే, వెనక్కి జారనివ్వని పట్టీలు. పోయిన శీతకాలం నేనూ ఇదే తర్జనభర్జన పడి ఒక జత కొన్నాను. ఇకమీద అడిగినవాళ్లకు ఇదే పంపిస్తాను.

రెండు జతలు ఉంచుకోవడం మేలు కదా అంటే, మేలే. గ్యారేజీలో చోటు, ఇంట్లో ఒప్పుదల ఉన్నవాళ్లు ఇక్కడితో చదవడం ఆపేయవచ్చు. స్ప్లిట్‌బోర్డు (రెండుగా విడదీసి కొండెక్కే స్నోబోర్డు) గురించి నన్ను అడగకండి, నాకు బోర్డు రాదు.

మిగిలినవాళ్లు అటూ ఇటూ తిరిగి చివరికి మూడు కూర్పుల దగ్గర ఆగుతారు. మొదటిది తేలిక జత: బ్లిజర్డ్ జీరో జి 95 వంటి స్కీ సుమారు 1,300 గ్రాములు, దాని మీద 350 నుంచి 400 గ్రాముల పిన్ బైండింగ్ (బైండింగ్ అంటే బూటును స్కీకి బిగించేది, పిన్ రకం సన్నని పిన్నులతో పట్టుకుంటుంది). రెండోది అంగళ్లలో ఎక్కువగా చేతికిచ్చేది: ఫోల్కిల్ బ్లేజ్ 106 వంటి స్కీ 1,700 గ్రాములు అటూ ఇటూగా, దాని మీద 880 గ్రాముల షిఫ్ట్ బైండింగ్. మూడోది నేను కొన్నది: సాలమన్ క్యూఎస్‌టీ 98, పొడవును బట్టి 1,850 గ్రాములు అటూ ఇటూ, దాని మీద ఫ్రిట్షి టెక్టన్ 12, బ్రేకుతో కలిపి 650 గ్రాముల దాకా.

కూడి చూడండి. మొదటిది కాలికి 1.7 కిలోలు. రెండోదీ మూడోదీ రెండున్నర కిలోల దగ్గర దాదాపు సమానంగా తూగుతాయి. అంటే ఆ రెండింటి మధ్య తేడా ఎంత మోస్తాం అన్నది కాదు, ఆ బరువు ఎక్కడ ఉంది అన్నది. స్కీ నడుము, అంటే పాదం కింది వెడల్పు, 98 మిల్లీమీటర్లు మేలా 106 మేలా అని రాత్రులు రాత్రులు వాదించుకునేవాళ్లు ఈ సంగతి అడగనే అడగరు.

తేలిక జత కథ ముందు చెప్పాలి, ఎందుకంటే నాలుగేళ్ల కిందట నేను అలాంటిదే కొన్నాను. ఏ కంపెనీది అన్నది అనవసరం. తప్పు స్కీది కాదు, దాన్ని ఎక్కడికి తీసుకువెళ్లానన్నదానిది. ఫిబ్రవరిలో ఒక ఆదివారం, స్నోక్వాల్మీ కనుమ దగ్గరి ఆల్పెంటల్ స్కీ కొండ. స్నోక్వాల్మీ కనుమ ఎత్తు 921 మీటర్లే, పడమటి గాలి పసిఫిక్ నుంచి తడిని మోసుకొస్తుంది, అందుకే అక్కడ నడిచలికాలంలోనూ వాన పడుతుంది. ఆ రోజు పొద్దున పడింది. మధ్యాహ్నానికి చలి తిరగబెట్టి, జనం తొక్కిన మంచు ఇడ్లీ పిండి ముద్దలు పారబోసినట్టు ఎక్కడికక్కడ గట్టిపడింది. మూడో మలుపులో ఎడమ స్కీ కొస ఒక ముద్దకు తగిలింది. స్కీ తిరిగింది, నేను తిరగలేదు. కళ్లద్దాల లోపల మంచు, మెడ దగ్గర మంచు, నోట్లో మంచు. మోకాలికి ఏమీ కాలేదు గాని, వారం రోజులపాటు మెట్లు దిగేటప్పుడల్లా తన ఉనికి చాటుకుంది.

మనకు మంచు అన్నది ఒకటే మాట. పొగమంచుకూ, గడ్డ కట్టిన మంచుకూ, కురిసే మంచుకూ అదే. ఇక్కడి కాస్కేడ్ కొండల్లో ఆ పొదుపు పనికిరాదు. ఇక్కడివాళ్లు తమ మంచును కాంక్రీటు అని పిలుచుకుంటారు, అది వట్టి హాస్యం కాదు.

ఇటువంటి మంచులో స్కీ కొస దారి తప్పకుండా ఉండాలంటే కొసలోనే బరువుండాలి. కావడిని తలచుకోండి. బద్దకు రెండు కొసలా నిండు బిందెలు వేలాడుతుంటే దాన్ని గిర్రున తిప్పడం ఎవరి తరమూ కాదు. అవే బిందెలు భుజం దగ్గరికి జరిపి కట్టండి, బరువు అంతే ఉంటుంది, కాని పిల్లవాడు కూడా వేలితో తిప్పేస్తాడు. బైండింగ్ బరువు సరిగ్గా భుజం దగ్గర కట్టిన బిందె. పాదం కింద కూర్చుని మనతో పాటు కొండెక్కుతుంది, దిగేటప్పుడు కొసను నిలబెట్టడంలో దాని సాయం ఏమీ ఉండదు. స్కీలో పొడవునా పరుచుకున్న చెక్క బరువు ఆ పని చేస్తుంది. అందుకే నా లెక్క ఇది: బరువు తగ్గించాలనుకుంటే బైండింగ్‌లో తగ్గించండి, స్కీ జోలికి పోవద్దు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, అది న్యాయమైనది కూడా. షిఫ్ట్ బైండింగ్, లిఫ్టు బైండింగుల ప్రమాణం ఐఎస్ఓ 9462నూ, టూరింగ్ (కొండెక్కే స్కీయింగ్) ప్రమాణం 13992నూ రెండింటినీ అందుకుంటుంది. దిగేటప్పుడు అది అచ్చమైన ఆల్పైన్, అంటే లిఫ్టు స్కీయింగ్, బైండింగే. మామూలు పిన్ బైండింగ్ మెలి తిరిగిన కాలిని పక్కకు వదిలేది మడమ దగ్గర. బొటనవేలి వైపు రెండు పిన్నులు బూటును పట్టుకునే ఉంటాయి. 1980లలో ఆస్ట్రియాకు చెందిన ఫ్రిట్జ్ బార్తెల్ ఈ పిన్నుల పద్ధతిని కనిపెట్టింది కొండెక్కడం కోసం, రోజంతా లిఫ్టు దిగి గట్టి మంచు మీద దూకడం కోసం కాదు. టెక్టన్ నాకు నచ్చడానికి కారణం అక్కడే ఉంది: అది ఆల్పైన్ పద్ధతిలోనే ముందు వైపు నుంచి పక్కకు వదులుతుంది, మడమను పిన్నులతో కాక ఆల్పైన్ తరహాలో బిగిస్తుంది. అయినా షిఫ్ట్‌కు ఉన్న ఆ లిఫ్టు ప్రమాణం 9462 ధ్రువపత్రం దానికి లేదు. మీ రోజుల్లో మూడింట రెండు వంతులు లిఫ్టు రోజులే అయితే క్యూఎస్‌టీ మీద షిఫ్టే బిగించుకోండి, కాలికి పావు కిలో ఎక్కువైనా సరే. నావి సగం సగం.

ఎక్కుడు సంగతి. మౌంట్ రెయినీర్ మీద పారడైజ్ నుంచి క్యాంప్ మ్యూర్ దాకా 1,400 మీటర్ల ఎక్కుడు. తేలిక జతతో నాకు ఐదు గంటలు పట్టేది, ఇప్పుడు ఐదున్నర. స్కిన్ల మీద స్కీని ఎత్తం కదా, ఈడుస్తాం, కాబట్టి తక్కెడ చూపించే తేడా అంతా తొడలకు తెలియదు. తెలిసేది నిట్రవాలులో మలుపు తిప్పేటప్పుడు. కాలు పైకెత్తి, స్కీని గాలిలో తిప్పి, మడమతో వెనక కొసను తన్ని, కొత్త దిశలో ఆనించే ఆ ఒక్క క్షణం బరువైన స్కీ మొరాయిస్తుంది. బిందెల కావడి కదా, ఇక్కడ ఎదురు తిరుగుతుంది. ఒక్కో మలుపు దగ్గర పాత జతను తలుచుకుంటాను. తిరుగు దారిలో, సాయంత్రపు ఎండకు పైన రవ్వలా విచ్చి కింద గట్టిగా ఉన్న మంచు మీద, ఒక్కసారి కూడా తలుచుకోను.

బ్లేజ్ 106 చెడ్డదేమీ కాదు. కొత్త మంచు పడిన రోజు ఇది చాలా సరదాగా తిరుగుతుంది, నడుము వెడల్పు కాబట్టి తేలుతుంది కూడా. తొక్కిన మంచు మీద కొంచెం గిలగిలలాడుతుంది, అంతే. కామాక్స్ ఫ్రీబర్డ్ గురించి కూడా అడుగుతున్నారు. అది ఎక్కుడు వైపు మొగ్గిన స్కీ, మొదటి కూర్పుకు చెప్పినదే దానికీ వర్తిస్తుంది. స్కిన్లు మోహేర్ (ఒక రకం మేక బొచ్చు), నైలాన్ కలిసినవి తీసుకోండి, దాని మీద వాదన అక్కర్లేదు.

మా తమ్ముడు సాల్ట్ లేక్ సిటీలో ఉంటాడు. ఇదంతా ఫోనులో వాడికి చెబితే నవ్వాడు. అక్కడి ఆల్టా స్కీ కొండ దగ్గర కురిసే మంచులో నీటి పాలు సగటున ఎనిమిది శాతం పైచిలుకు, మాకు పన్నెండు దాటడం మామూలే. వాడి కొండ మీద మంచు జల్లించిన బియ్యప్పిండి, కొసకు తగలడానికి ముద్దలే ఉండవు. వాడు 1,300 గ్రాముల జత కొన్నాడు, వాడికి అదే సరైనది. ఏప్రిల్‌లో ఇక్కడికి వస్తానన్నాడు. ఆ స్కీలు అక్కడే పెట్టి రమ్మన్నాను.